అంతర్వేది చేరని పల్లకీ

మాఘమాసం. ఏటిగట్టు మీద మంచు ఇంకా విడలేదు. కొబ్బరాకుల మీంచి నీళ్ళు టప్‌టప్‌మని రాలుతున్నాయి. పల్లకీ మోస్తున్న బోయీల నోటి వెంట ఆవిర్లు.

లోపల కూర్చున్నావిడ తెల్లారకముందే లంకల గన్నవరంలో గడప దాటింది. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కళ్యాణం. దశమి నాడు పెళ్ళి, భీష్మ ఏకాదశి నాడు రథం. కోనసీమ మొత్తం కదిలిపోయే రోజులవి. కళ్ళారా చూడాలని ఆవిడకి ఎన్నాళ్ళ నుంచో కోరిక. బయల్దేరదామనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి కాళ్ళకడ్డం పడేది. ఎవరో వచ్చేవాళ్ళు. పొయ్యి వెలిగించాల్సి వచ్చేది. ఈసారి మాత్రం మనసు గట్టి చేసుకుని పల్లకీ ఎక్కింది.

పొద్దెక్కింది. బోయీలు చెట్టు నీడన పల్లకీ దించి మంచినీళ్ళకి వెళ్ళారు. అప్పుడు వినపడ్డాయి పిల్లల ఏడుపులు.

ఎదురుదారిన ఒక పెళ్ళివారి గుంపు వస్తోంది. నడిచి నడిచి అలిసిపోయారు. అదే చెట్టుకి అవతలి పక్కన కూలబడ్డారు. పిల్లలు ఆకలని గోల. తల్లులు ఏం చెప్పినా వినడం లేదు. చివరికి ఒక పెద్దాయన అందుకున్నాడు.

“ఊరుకోండర్రా, ఊరుకోండి. ఇంకాసేపట్లో గన్నవరం వచ్చేస్తాం. సీతమ్మగారింటికి వెళ్ళిపోతే చాలు. ఎంతమందిమి వెళ్ళినా అన్నం పెడుతుంది ఆ తల్లి.”

పిల్లలు ఏడుపు ఆపేశారు.

పల్లకీలో ఉన్నావిడ ఉలిక్కిపడింది. ఆ సీతమ్మ తనే. ఇంట్లో తను లేదు. పొయ్యిలో నిప్పూ లేదు.

బోయీలు తిరిగొచ్చి బొంగు భుజానికెత్తుకున్నారు. పల్లకీ వెనక్కి తిప్పమంది. వాళ్ళకేమీ అర్థం కాలేదు. స్వామి కళ్యాణం, అమ్మగారి మొక్కు, సగం దారి వచ్చేశాక వెనక్కేమిటని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే, ఆవిడ గొంతులో తొందర చూసి మారు మాట్లాడకుండా, వచ్చిన దారినే, పెళ్ళివారి కంటే ముందు గన్నవరం చేరాలన్నట్టు గట్టు మీద పరుగు లంకించుకున్నారు. గుంపు అడ్డదారిన పడిందేమో తెలియదు. ఎవరు ముందు చేరతారో తెలియదు.

ఆవిడే ముందు చేరింది. పెళ్ళివారు వీధి గుమ్మం ముందు ఆగేసరికి లోపల గుండిగలో ఎసరు మరుగుతోంది.

అంతర్వేది కళ్యాణం ఆ ఏడు కూడా ఆవిడ చూడలేదు. తన కోసం వచ్చినవాళ్ళు పస్తుతో వెనుదిరిగితే నరసింహస్వామి మెచ్చడని ఆవిడ నమ్మకం. కోనసీమలో తాతలు మనవలకి చెప్పుకుంటూ వస్తున్న సంగతి ఇది. చెప్పే ప్రతివాళ్ళూ ఒక్కచోట మాత్రం గొంతు తగ్గిస్తారు. పిల్లలు ఏడుపు ఆపేసిన చోట.

ఎవరీ సీతమ్మ? ఒక మనిషి పేరు వింటేనే పసివాళ్ళ ఆకలి ఆగేంత నమ్మకం ఎలా పుట్టింది?

1841లో మండపేటలో పుట్టింది. తండ్రి అనుపిండి భవానీశంకరం. ఇంటికొచ్చినవాళ్ళకి లేదనకుండా పెట్టి పెట్టి ఆయన అసలు పేరు జనం మర్చిపోయారు. ‘బువ్వన్న’ అనేవాళ్ళు. తల్లి నరసమ్మ. సీతమ్మ చిన్నప్పుడే ఆవిడ పోయింది. వంటింటి బరువు పిల్ల భుజాల మీద పడింది.

ఒక మిట్టమధ్యాహ్నం ఆ ఇంటి ముందు ఒకాయన వచ్చి నిలబడ్డాడు. డొక్కా జోగన్న పంతులు. వేదం చదువుకున్న మనిషి, లంకల గన్నవరంలో బాగా భూమి ఉన్న రైతు. పని మీద వెళ్ళి ఊరికి తిరిగిపోతూ భోజనం వేళకి బువ్వన్న గడప తొక్కాడు. వేళ కాని వేళ వచ్చిన అతిథికి ఆ చిన్నపిల్ల కాళ్ళకి నీళ్ళిచ్చింది. ఆకు వేసింది. వడ్డించింది. అడక్కుండానే రెండోసారి వడ్డించింది. జోగన్న తిని లేచాడు. ఊరెళ్ళాడు. పిల్ల మాత్రం మనసులో ఉండిపోయింది.

అలా మండపేట పిల్ల గన్నవరం కోడలైంది.

గన్నవరం గోదావరి పాయల మధ్య ఊరు. వైనతేయ పాయ అక్కడే. ఆ రోజుల్లో అటు పోవాలన్నా ఇటు రావాలన్నా పడవలే దిక్కు. రేవులో దిగినవాడికి కడుపు కాలుతుంటుంది. పూటకూళ్ళిల్లు లేదు. ఉన్నా చేతిలో డబ్బుండదు. కనిపించే ఇల్లు డొక్కావారిది. ముందు ఇద్దరు వచ్చారు. తర్వాత పదిమంది. పొద్దున తిన్నవాడు పక్క ఊళ్ళో చెప్పాడు. పక్క ఊరివాడు పడవలో చెప్పాడు. ఇక ఆ ఇంటి పొయ్యికి వేళంటూ లేకుండా పోయింది. అర్ధరాత్రి తలుపు తట్టినా అన్నమే. తిన్నవాళ్ళ కులమేంటో ఊరేంటో ఆ ఇంట్లో అడిగేవాళ్ళు కాదు.

భూమి జోగన్నది. ఆ భూమి పండించిన ధాన్యం ఎటు పోవాలో తేల్చింది సీతమ్మ. గాదెలోంచి బస్తా దిగుతుంటే, వచ్చే ఏడు సంగతేంటని చుట్టాలు ఎత్తిపొడవకపోలేదు. భర్త మాత్రం ఆమెకి అడ్డు చెప్పలేదు. చెప్పకపోగా, ఒక రాత్రి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

వానాకాలం. గోదావరి ఎర్రగా పొంగింది. గాలికి తాటిమట్టలు పటపటా కొట్టుకుంటున్నాయి. ఆ హోరులోంచి సన్నగా ఒక కేక. మళ్ళీ కేక. ఏటి నడుమ లంకలో ఎవరో చిక్కుకున్నాడు. చుట్టూ నీళ్ళు. ఎన్ని పూటలైందో తిని. ఆకలని అరుస్తున్నాడు.

గట్టు మీద నలుగురు చేరారు. తెల్లారితే చూద్దామన్నారు. ఈ వరదలో పడవ దించేవాడికి బుద్ధి ఉండాలన్నారు. ఇంట్లో సీతమ్మ అప్పటికే అన్నం వార్చేసింది.

మూట కట్టి భర్త చేతికిచ్చింది. ఆయన ఆ మూట నెత్తిన పెట్టుకుని, పై పంచె బిగించి, సుడులు తిరిగే నీళ్ళలో పడవ ఒకసారి ముక్కు కిందికి పెట్టి మళ్ళీ లేస్తుంటే, ఒడ్డున భార్య చేతిలో దీపం గాలికి ఆరుతూ వెలుగుతూ ఉంటే, కేక వినపడ్డ వైపుకి చీకట్లో సాగిపోయాడు. దీపం ఆరిపోయింది. కేక కూడా ఆగిపోయింది.

చాలాసేపటికి పడవ తిరిగొచ్చింది. లంకలో మనిషి అన్నం తిన్నాడు.

ఆ రోజుల్లోనే ఆకలిని తూకం వేసి చూసిన చోటొకటి ఉంది. దాని కోసం ఇక్కడ గోదావరిని వదిలి, రాయలసీమలో ఎండిన వాగుల వైపు తిరగాలి.

1876. ధాత నామ సంవత్సరం. వానలు మొహం చాటేశాయి. రాయదుర్గం అప్పుడు బళ్ళారి జిల్లాలో తాలూకా. కొండ మీద పాలెగాళ్ళ కోట, కింద నల్లరేగడి చేలు, అవతల హగరి. వేదవతి అని పురాణం పిలిచిన ఆ ఏటిలో ఇసక తప్ప ఏమీ లేదు. చెలమ తవ్వితే చెమ్మ తగల్లేదు. జొన్నకంకి పాలు పట్టకముందే మాడింది. పశువుల్ని తెగనమ్ముదామంటే కొనేవాడు లేడు. ఇళ్ళకి తలుపులు మూసి జనం దారి పట్టారు. ఎటు పోవాలో మాత్రం ఎవరికీ తెలియదు.

1877 జనవరి 1. ఢిల్లీలో దర్బారు. విక్టోరియా రాణిని హిందూదేశానికి చక్రవర్తిని అని చాటారు. రాజులు, ఏనుగులు, ఫిరంగులు, విందులు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు ఖర్చు తగ్గించే పని మీద మద్రాసు ప్రెసిడెన్సీలో దిగాడు. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసే మగమనిషికి కూలి ఎంతివ్వాలో లెక్క కట్టాడు. ఒక పౌను ధాన్యం ఖరీదు. పైన ఒక అణా.

ఒక పౌను అంటే అర కిలో కన్నా తక్కువ. ఎండలో గడ్డపార వేసేవాడికి పొద్దుట్నించి సాయంత్రందాకా అంతే. ఈ తిండితో మనిషి పని చేయలేడు, బతకలేడు అని మద్రాసు ఆరోగ్య శాఖ అధిపతి డాక్టర్ కార్నిష్ కాగితం మీద కాగితం రాశాడు. నెలలు గడిచాక గాని కూలి పెంచలేదు. ఈలోపు బళ్ళారి జిల్లా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1871 జనాభా లెక్కలు, 1881 లెక్కలు పక్కపక్కన పెడితే ఆ జిల్లాలో జనం ఎంతగా తగ్గారో కనబడుతుంది. ధాత కరువు పేరు చెబితే సీమలో ముసలివాళ్ళు చాలాకాలం వణికారు.

సీమలో పెట్టిన చేతులు లేకపోలేదు. అంతకు పదేళ్ళ ముందు, 1866 కరువులో, కర్నూలు జిల్లా ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అంబలి పోశాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది ఆయనకి. అక్కడ ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పెట్టింది కరువొచ్చిందని. గన్నవరంలో ఆవిడ పెట్టడానికి కరువే రానక్కర్లేదు. ఆకలేస్తే చాలు.

టెంపుల్ దొర తూకం పట్టుకున్న ఆ నెలల్లోనే, ఇదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఈశాన్యం వైపున, సీతమ్మ ఇంట్లో కొలమానం లేదు.

కొలమానం లేని ఇంటికి ఒకరోజు కష్టం రాక తప్పదు. వచ్చింది. పంట చేతికొచ్చేలోగా ధాన్యం నిండుకునేది. అప్పులయ్యాయి. పొలం కరిగింది. వయసు మీద పడింది. గుమ్మం ముందు మాత్రం ఆకు వేయడం ఆగలేదు.

ఒకనాడు ఆ గుమ్మం ముందుకి ఆకలి లేని మనిషి వచ్చాడు.

సర్కారు ఉద్యోగి. వెంట ఫొటోగ్రాఫరు. మూడు కాళ్ళ పెట్టె, నల్లగుడ్డ. ఊరి పిల్లలు చుట్టూ మూగారు. అధికారి చేతిలో కాగితం. అందులో ఉన్నది వినేసరికి వీధి అరుగుల మీద మాటలాగిపోయాయి.

విక్టోరియా పోయింది. కొడుకు ఏడో ఎడ్వర్డు గద్దెనెక్కాడు. 1903 జనవరి 1న ఢిల్లీలో మళ్ళీ దర్బారు. దేశంలోని పెద్దలందరికీ పిలుపులు. గన్నవరం సీతమ్మగారికీ పిలుపు వచ్చింది.

ఆవిడ రానంది.

తను వెళితే ఇక్కడికొచ్చేవాళ్ళకి ఎవరు పెడతారు? అంతర్వేది స్వామి కోసమే వెనక్కి తిరిగిన మనిషికి ఢిల్లీ ఎంత? అధికారి రెండో మాటకి దిగాడు. మీరు రాకపోతే మీ ఫొటో అయినా పంపమన్నారు, చక్రవర్తి కోరిక అన్నాడు. ఆవిడ దానికీ ఒప్పుకోలేదు. పెట్టిన అన్నానికి ఫొటో ఏమిటి? పేరు కోసం చేశానా? లోపలికి వెళ్ళిపోబోయింది.

అప్పుడు అధికారి గొంతు మారింది. ఆజ్ఞ లేదు, దర్పం లేదు. ఫొటో లేకుండా తిరిగి వెళితే తన ఉద్యోగం ఊడుతుందని, పెళ్ళాం పిల్లలు వీధిన పడతారని బతిమాలాడు.

సీతమ్మ ఆగింది.

ఒక ఇంటి పొయ్యి తన వల్ల ఆరిపోకూడదు. వచ్చి కూర్చుంది. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చాడు. ఆ ఫొటో సీమలు దాటిందని, పట్టాభిషేక వేడుకలో ఒక కుర్చీలో దాన్ని ఉంచి చక్రవర్తి గౌరవించాడని కోనసీమలో చెప్పుకుంటారు. ఆ సందర్భంలో ఆవిడ దానధర్మాలను మెచ్చుకుంటూ సర్కారు ప్రశంసాపత్రం ఇచ్చింది. 1877లో ఒక్క పౌనుకి తూకం వేసిన కిరీటమే పాతికేళ్ళ తర్వాత తూకమెరుగని ముసలమ్మ ఫొటో అడిగింది. ఈ ముచ్చటకి ఇంతకు మించి వ్యాఖ్య అక్కర్లేదు.

1909 ఏప్రిల్ 28. ఎండలు మండుతున్నాయి. గన్నవరంలో సీతమ్మ కన్ను మూసింది. ఆ పూట ఊరికి దారిలో ఉన్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు.

తర్వాత?

ఆవిడకి గుర్తుగా ఏం కట్టాలి? విగ్రహమా? గుడా? దశాబ్దాలు గడిచాయి. జవాబు చివరికి ఏటి మీదే దొరికింది.

గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా ఒక కాలువ దాటుతుంది. కింద నది, పైన కాలువ. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల్లో, 1850లలో, హేగ్ అనే యువ ఇంజనీరు 49 కమానులతో కట్టించిన అక్విడెక్టు అది. దాని మీదుగానే అవతలి పొలాలకి సాగునీళ్ళు వెళ్ళాయి. నూట యాభై ఏళ్ళ వరదలకి అది అలసిపోయింది. పక్కనే కొత్తది కట్టారు. 2000లో దానికి పేరు పెట్టారు. డొక్కా సీతమ్మ అక్విడెక్టు.

నిలబడి ఉండే విగ్రహానికి దండలు వేస్తారు. ఈ కట్టడానికి దండ వేసే వీలు లేదు. ఇది పొలాలకి నీళ్ళు మోస్తుంది. అన్నం పెట్టిన ఇల్లాలికి ఇంతకంటే తగిన స్మారకం ఇంకొకటి కట్టగలిగేవాళ్ళమా అంటే, అనుమానమే.

ఇంకొకటి దొరికింది. అది సిమెంటుతో కట్టింది కాదు.

రాయదుర్గం. పొద్దున పదకొండు దాటింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి నుంచి విడివడి అనంతపురం జిల్లాలో కలిసిన ఊరు. కొండరాళ్ళు అప్పుడే కాగుతున్నాయి. కణేకల్లు వైపు నుంచి వచ్చే గాలిలో ఇసక. వీధుల్లో జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్ల చప్పుడు. వాన కోసం చూసి చూసి శనక్కాయ చేను వదిలేసినవాళ్ళు ఆ మిషన్ల ముందు కూర్చున్నారు. ఇంకొందరు బెంగళూరు బస్సెక్కారు. అలాంటి ఇంటి నుంచి పిల్లవాడు పొద్దున్నే ఏం తిని బడికొస్తాడు?

బడి వెనక వంటగది. పొగ. ఇద్దరాడవాళ్ళు. ఒకామె గుండిగలో బియ్యం కలియబెడుతోంది. చెమట కళ్ళలోకి దిగుతుంటే మోచేత్తో తుడుచుకుంటోంది. ఇంకొకామె గుడ్లు ఒలుస్తోంది. తరగతి గదిలోంచి ఎక్కాలు వినపడుతున్నాయి. ఒక పిల్లవాడి గొంతు ఎక్కం మధ్యలోనే ఆగిపోయింది. వాసన తగిలింది.

గంట మోగింది. పళ్ళేలు టంగుటంగుమని కదిలాయి. వరస కట్టారు. ఒక బుడ్డోడు పళ్ళెం ముందుకి చాపి నిలబడ్డాడు.

“అక్కా, ఇంగొంచెం ఎయ్యి.”

“ఉండ్రా, అందురికీ సాలల్ల గదా... సరే, పట్టు.”

గరిటె మళ్ళీ లేచింది.

ఆంధ్రప్రదేశ్ బడుల్లో వండి వడ్డించే మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. దేశమంతటా ప్రాథమిక బడుల్లో వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక వచ్చిన పథకం అది. ప్రభుత్వాలు మారినప్పుడు పేరూ మారింది. 2024లో ప్రభుత్వం పెట్టిన పేరు ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీలకీ వచ్చింది. టెంపుల్ దొర పౌనులు తూచిన తాలూకాలో, హగరి ఎండిన ఊళ్ళలో, గోదావరి ఎలా ఉంటుందో ఎరగని పిల్లలు రోజూ ఆవిడ పేరున తింటున్నారు.

ఆ పిల్లల పుస్తకాల్లో ఆవిడ ఫొటో ఉందో లేదో గానీ, వాళ్ళ పళ్ళెంలో పప్పు పలచబడితే ఆ పేరుకే మచ్చ. అందుకే ఇది చదివే ప్రతి తల్లికీ తండ్రికీ ఒక మనవి. ఒక్క మధ్యాహ్నం మీ వీధి బడికి వెళ్ళండి. పిల్లల పక్కన కూర్చుని అదే అన్నం తినండి. బాగుంటే వండినామెతో ఆ మాట చెప్పండి. బాగాలేకపోతే బడి యాజమాన్య కమిటీలో నిలదీయండి. ఇంకొక మాట కూడా అక్కడే అడగండి. పొగలో నిలబడి వందమందికి వండే ఆ తల్లి గౌరవ వేతనం 2019లో నెలకి 1000 రూపాయల నుంచి 3000కి పెరిగింది. సీతమ్మగారి పేరు మీద గరిటె పట్టినామెకి ఆ మూడు వేలు చాలవు.